బావ లారీకి తలంటు

యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ సొంత లారీ ఉన్నవాణ్ణి ఆ రోజుల్లో నేనొక్కణ్ణే. మాకు పాఠాలు చెప్పే ప్రొఫెసర్లలో సగం మంది సైకిలు మీద వచ్చేవాళ్లు. మిగతా సగం సీతాఫల్‌మండిలో రైలు దిగి, గొడుగు చంకలో పెట్టుకుని నడిచి వచ్చేవాళ్లు. నేను మాత్రం రోజూ లారీలో దిగేవాణ్ణి. కాలేజీ రాతిమెట్ల ముందు అది ఆగి ఒక్క హారన్ కొడితే పైన కమానుల్లో ఉన్న పావురాలన్నీ లేచేవి. హాస్టల్లో నా పేరు ఎవరికీ గుర్తుండేది కాదు, అందరికీ నేను 'మాలిక్ సాబ్'నే. బెజవాడ రోడ్డు మీద నన్ను చూడగానే, అడగకుండానే మలాయి వేసి చాయ్ పంపే హోటళ్లు అరడజను ఉండేవి.

ఈ ముక్కలు ఇప్పటికి కొన్ని వందలసార్లు చెప్పి ఉంటాను. పెళ్లిళ్లలో పక్క కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లకు చెప్పాను. పన్ను పీకే డాక్టరుకు, ఆయన నా నోట్లో చెయ్యి పెట్టే లోపల చెప్పేశాను. చెప్పినప్పుడల్లా ఆ లారీ కొంచెం పెరిగేది. ఒకసారి రైల్లో ఒక పెద్దమనిషి మరీ శ్రద్ధగా వింటున్నాడని రెండు లారీలు చేశాను.

కాగితం మీద పెడుతుంటే మాత్రం చెయ్యి ఆగుతోంది. తగ్గించుకుంటూ వస్తాను. రెండు లారీలు కాదు, ఒకటే. అది నాది కాదు, మా బావది, అంటే మా అక్క భర్తది. రోజూ దిగలేదు, ఒక్కసారి దిగాను. మలాయి చాయ్ సంగతి పూర్తిగా అబద్ధం. పావురాలు లేచిన మాట నిజం.

బావది నల్లగొండ వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. పొలం అన్నదమ్ములకు చాలక పట్నం వచ్చి, పన్నెండేళ్లు ఇతరుల లారీలు నడిపాడు. ఎండకూ వానకూ స్టీరింగు పట్టి, మాలిక్ ఎవరైతే వాడి చేత మాటలు పడి, చివరికి ఒక పాత ముక్కు లారీ సంపాదించాడు. అది తెచ్చిన రోజు తార్నాకలో అక్కావాళ్లు అద్దెకుండే పెంకుటింటి ముందు నిలబెట్టి, క్యాబిన్‌లోంచి దిగకుండా గంటసేపు అలాగే కూర్చున్నాడట. అక్క అన్నం పళ్లెం కిటికీలోంచి అందించింది.

అప్పటి తార్నాక ఇప్పటిది కాదు. నాలుగిళ్లు, వాటి మధ్య బండరాళ్లు, సీతాఫలం పొదలు. అక్క ఇంటి పక్కన ఖాళీ జాగా ఉండేది, లారీ అందులో నిలిచేది. ఆ జాగా అంచున కాలిబాట. క్యాంపస్ నుంచి వచ్చే విద్యార్థులు చాయ్‌కో బస్సుకో ఆ బాట వెంటే పోయేవాళ్లు. ఆ బాట లేకపోతే నేనివాళ ఇది రాసేవాణ్ణి కాదేమో.

నేను హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆదివారాలు భోజనానికి అక్క దగ్గరికి పోయేవాణ్ణి. ఒక సోమవారం పొద్దున బావ నన్ను లారీలో కాలేజీ దగ్గర దింపాడు. ఆ ఒక్కసారి. మెట్ల మీద నా క్లాసువాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడు క్యాబిన్ దాకా వచ్చి బావనే అడిగాడు.

"ఎవరిదన్నా బండి?"

బావ నా మొహం చూశాడు. అంతకు ముందే నేను హాస్టల్లో ఏవో కోతలు కోసి ఉంటానని ఆయనకు ఆ ఒక్క చూపులో అర్థమైపోయి ఉంటుంది. రుమాలు భుజం మీద సర్దుకుని, నవ్వు కనిపించకుండా చెప్పాడు.

"సారుదే. నేను డ్రైవర్‌ను."

పైగా నాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆదివారం నేను ఇంటికి పోతే, అక్క పప్పు వడ్డిస్తూ, "మాలిక్ సాబ్, ఇంకింత ఏయమంటరా?" అంది. బావ పొలమారేటట్టు నవ్వాడు. ఆయనకు అదొక ఆట. సొంత లారీ ఉన్నవాడు కాబట్టి డ్రైవరుగా ఆడగలిగాడు.

ఒక్క లారీ ఉన్నవాళ్లకు మంచి సరుకు దొరికేది కాదు. బట్టలు, మందులు, మిషన్లు అన్నీ పది లారీలున్న వాళ్లకే పోయేవి. మిగిలేది ఉప్పు. చినగంజాం ఉప్పుమళ్ల నుంచి హైదరాబాదుకు ఉప్పు తేవడానికి ఎవరూ ఇష్టపడరు, ఎందుకంటే ఉప్పు ఇనుమును తినేస్తుంది. బస్తాల్లోంచి కారే నీళ్లు పలకల సందుల్లోంచి కిందికి దిగి, ఛాసిస్‌కు పట్టి, లోపల్లోపల పని చేస్తాయి. వానాకాలం ఆ ఉప్పును వానే కడుగుతుంది. అసలు గండం చలికాలం. కార్తీకం నుంచి పొద్దున్నే మంచు కురుస్తుంది, ఉప్పు ఆ చెమ్మనంతా పీల్చుకుని ఇనుము మీద తడిగుడ్డలా కూర్చుంటుంది.

అందుకని బావకు ఒక పద్ధతి ఉండేది. దీపావళి వెళ్లాక, మంచు మొదలు కాకముందే, లారీకి తలంటు పోసేవాడు. ఆ మాట ఆయనదే. ముందు కింద అంతా మంచినీళ్లతో కడిగేవాడు. ఎండలో ఒక రోజంతా ఆరబెట్టేవాడు. గోనెసంచి పరుచుకుని కింద పడుకుని, తీగబ్రష్షుతో తుప్పు రాలగొట్టేవాడు. అంబర్‌పేట షెడ్డు నుంచి తెచ్చిన కాలిన ఆయిల్‌లో కాస్త ఆముదం కలిపి, అది జిగటగా అయ్యాక చేత్తో పట్టించేవాడు. మూడు రోజుల పని. మూడు రోజులూ ఆయన కళ్లు, పళ్లు తప్ప మిగతాదంతా నల్లగా ఉండేది.

అక్క గడపలో నిలబడి సాధించేది. "పెండ్లయి ఆరేండ్లాయె. నా తలకు ఒక్కనాడన్న చెంచెడు నూనె రాసినవా?"

లారీ కిందినుంచి జవాబు వచ్చేది. "నీ నోరు దినాం నడుస్తనే ఉంటది గదనే. నీకెక్కడి జంగు?"

తుప్పును ఆయన జంగు అనేవాడు. ఆ పద్ధతి ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. పన్నెండేళ్లు ఇతరుల లారీల కింద పడుకుని, ఏది ముందు తింటుంది, ఏది చివర తింటుంది అని చూసి చూసి తనే కనిపెట్టాడు. ఉప్పు తోలే లారీ రెండేళ్లకు మించి నిలవదని అందరూ అంటుంటే, ఆయనది నాలుగో ఏడు నడుస్తోంది. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం ఆయన గొంతులో కాస్త గర్వం వినిపించేది. నాకున్నంత కాదు.

అరవై ఏడు దీపావళి వెళ్లిన వారానికి బావకు కామెర్లు పట్టాయి. కళ్లు పసుపు ముద్దలయ్యాయి. డాక్టరు రెండు నెలలు మంచం దిగొద్దన్నాడు. క్లీనరు పది రోజులు చూసి వేరే లారీ చూసుకున్నాడు. లారీ జాగాలో నిలబడిపోయింది. కడిగింది లేదు, తుడిచింది లేదు, ముందటి ట్రిప్పు ఉప్పు దాని ఒంటి మీద అలాగే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం బావ నన్ను మంచం దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"బామ్మర్దీ, మంచు పడుతున్నది. ఇయ్యాల కాకుంటే రేపటికెల్లి మొదలుపెట్టు. నువ్వు జేస్తవా, ఎవల్నన్న వెతకాల్నా?"

"నేనుండంగ ఎవలెందుకు బావా?"

"పైపైన గాదు. పైన మెరిసేది మంది చూసేటందుకు. కింద పండుకోవాలె. బ్రేకు గొట్టం ఛాసిస్ ఎమ్మడి ఎన్కకు పోతది, సన్నగ ఉంటది. గాడ బ్రష్షు పోదు. ఏళ్లతోని పట్టియ్యాలె. యాదుంటదా?"

"ఉంటది బావా."

"చదువుకున్నోనివి. నీకు ఒక్కసారి చెప్తే సాలు."

ఆయిల్ రెండు డబ్బాలు గోడ పక్కన సిద్ధంగా ఉన్నాయి. ఆముదం అక్క ఇచ్చింది. ఆ నాలుగు రోజుల్లో నేను చేసిందీ చేయనిదీ ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదటి రోజు నిజంగానే కింద దూరాను. గోనెసంచి పరుచుకున్నాను. బ్రష్షు చేతిలోనే ఉంది. మొదటి దెబ్బకే తుప్పు పొడి కళ్లలో పడింది. రెండో దెబ్బకు బాట మీద మాటలు వినిపించాయి. నా క్లాసువాళ్లే, ఇద్దరు. నా చెప్పులు గుర్తుపట్టినట్టున్నారు.

"మాలిక్ సాబ్! నువ్వేంది లారీ కింద?"

బయటికి పాక్కుంటూ వచ్చాను. నుదుటి మీద నల్లటి మరక. ఆ క్షణంలో నాకు లారీ గుర్తు లేదు, ఉప్పు గుర్తు లేదు, పచ్చటి కళ్లతో మంచం మీద ఉన్న మనిషి గుర్తు లేడు. వీళ్లు తెలుసుకుంటారేమో అన్న ఒక్క భయం తప్ప.

"కూలోనికి ఇచ్చిన పని. ఎట్ల జేస్తున్నడో చూస్తున్న," అన్నాను.

"మరి వాడేడి?"

"చాయ్‌కి పోయిండు."

"మాలిక్ లారీ కింద పండుకుంటడు, కూలోడు చాయ్ తాగుతడు. మంచిగున్నది నీ రాజ్యం! రా, మనం గూడ పోదాం."

పోయాను. ఇరానీ హోటల్లో కూర్చుని, కూలివాళ్లు ఎంత సోమరులో వాళ్లకు వివరించాను. ఆ లేని కూలివాడికి ఒక మెల్లకన్ను కూడా పెట్టాను.

రెండో రోజు బాట మీద ఎవరూ లేని సమయం కోసం చూస్తూ గోడ మీద కూర్చున్నాను. ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు. మూడో రోజు ఇంకో తెలివి పుట్టింది. పెయింటు డబ్బా తెచ్చి, నిలబడి, దర్జాగా బంపరుకూ డోర్లకూ వేశాను. అది మాలిక్ చేసుకోదగ్గ పనే. పోయేవాళ్లు ఆగి బాగుందన్నారు కూడా. బావ మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని చూసి, "పెయింటు నేను చెప్పలె గదా," అన్నాడు. "కింద జంగు దులుపుడు అయిపోయింది బావా, నూనె రేపు. చెయ్యి ఊరుకోక పైన గూడ ఏసిన," అన్నాను.

అయిపోయిందని చెప్పాక చేయొచ్చు కదా, చేయలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, అక్క బావకు జావ తాగిస్తున్న సమయంలో, రెండు డబ్బాల ఆయిల్ లారీ కింద నేల మీద పోశాను. ముందు చక్రాల మధ్య ఒకటి, వెనక చక్రాల మధ్య ఒకటి. పట్టించినప్పుడు కారే నూనెలాగా అక్కడక్కడా చుక్కలు కూడా చల్లాను. ఆ చల్లడంలో మాత్రం చాలా శ్రద్ధ పెట్టాను. చొక్కాకు రెండు చేతులూ తుడుచుకుని లోపలికి పోయాను. అక్క నన్ను చూసి, "అయ్యో తమ్మీ, బంగారమసొంటి చదువు జదివెటోనివి," అని సబ్బు ఇచ్చి, తనే నీళ్లు పోసింది. ఆ రోజు నాకు కోడిగుడ్డు కూర చేసి పెట్టింది.

ఆ చలికాలమంతా నేను హాస్టల్లో రగ్గు కప్పుకుని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే కిటికీ ఊచల మీద మంచు బిందువులు. అవి చూసినప్పుడు ఎక్కడో చిన్న కలుక్కు. ఆదివారం పోయి పూస్తాలే అనుకునేవాణ్ణి. ఆదివారం వచ్చేది, అక్క కూర వడ్డించేది, నేను తినేసి వచ్చేవాణ్ణి. లారీ తళతళలాడుతూ నిలబడి ఉండేది.

కొత్త ఏడాదిలో బావ లేచాడు. సన్నబడిపోయాడు, చొక్కా హ్యాంగరుకు వేసినట్టుండేది. అయినా ఇంకో నెల ఆగమంటే ఆగలేదు. కింద వంగి చూద్దామనుకుంటే కళ్లు తిరిగాయట, గడప పట్టుకుని లేచాడు. "నువ్వు జేసినవ్ గదా, ఇగ నేను చూసేదేమున్నది," అన్నాడు. క్లీనరు లేడు. తోడు రమ్మని నన్నడిగాడు. వెళ్లాను.

పోయేటప్పుడు ఏమీ కాలేదు. ఆయన క్యాబిన్‌లో కూర్చోగానే మనిషి మారిపోయాడు, బుగ్గల్లో రక్తం కనిపించింది. సూర్యాపేట దాటాక కూనిరాగం కూడా తీశాడు. చినగంజాంలో ఉప్పు నింపుకుని తిరిగి వస్తున్నాం. మూడో రోజు మధ్యాహ్నం దాటింది. సూర్యాపేట వదిలి మూసీ వైపు రోడ్డు దిగే చోట, ముందు ఒక ఎడ్లబండ్ల వరుస పోతోంది. పత్తి బండ్లు, అయిదో ఆరో. బావ బ్రేకు మీద కాలు పెట్టాడు.

కాలు దిగబడిపోయింది. మెత్తటి మట్టిలో పెట్టినట్టు పెడలు నేలకు అంటుకుపోయింది. ఎత్తి మళ్లీ తొక్కాడు, మళ్లీ తొక్కాడు. వెనక నిండు ఉప్పు. గేరు తగ్గించాడు, ఇంజను గర్జించింది, లారీ ఆగలేదు. హ్యాండ్‌బ్రేకు లాగాడు. అదీ అంతంతే.

రోడ్డు వేసేవాళ్లు ఎడమ పక్కన కంకర కుప్పలు పోసి ఉంచారు. "కంకర, బావా! కంకర!" అని అరిచాను. ఆయన స్టీరింగు తిప్పాడు. ముందు చక్రం మొదటి కుప్ప ఎక్కింది, రెండోది ఎక్కింది, మూడో కుప్పలో ముక్కు దించుకుని ఆగిపోయింది. బస్తాలు పగిలి ఉప్పు రోడ్డు మీదికి పారింది. చివరి బండిలోని రైతు వెనక్కి తిరిగి చూసి, ఎడ్లను దిగి పట్టుకున్నాడు. ఆ బండికీ మాకూ మధ్య పది అడుగులు ఉంటాయేమో.

ఎవరికీ ఏమీ కాలేదు. బావ మోకాళ్లు చెక్కుకుపోయాయి. ముందు ఆక్సిల్ వంగింది. సూర్యాపేట నుంచి మెకానిక్ వచ్చేదాకా ఒకటిన్నర రోజు మేమిద్దరం ఆ ఉప్పు బస్తాల మీద కూర్చున్నాం. నేను దూరం పోయి నీళ్లు తెచ్చి ఆయనకు తాగించాను. మెకానిక్ కింద దూరి, చేతిలో ఒక ముక్క పట్టుకుని బయటికి వచ్చాడు. బ్రేకు గొట్టం. నొక్కితే బిస్కెట్‌లా విరిగింది. బావ దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

ఇంటికి చేరాక, లారీని ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చాక జరిగిందే నా మనసులో ఎక్కువగా మిగిలింది. ఆక్సిల్ సాపు చేయొచ్చని అంబర్‌పేట షెడ్డు మిస్త్రీ అన్నాడు. గొట్టాలు కొత్తవి వేస్తానన్నాడు. నెల పని, అంతే. బావతో పాటు ఒకప్పుడు లారీలు నడిపిన ఆయన దోస్తు కూడా ఆ రోజు వచ్చి కూర్చున్నాడు.

"ఏసుకోవోయ్. గింతదానికి బండి అమ్ముకుంటరా ఎవలన్న?" అన్నాడు దోస్తు.

బావ రుమాలు విప్పి, ఆ గొట్టం ముక్క నేల మీద పెట్టాడు.

"గొట్టం ఏస్తే అయితది. మల్ల ఉప్పే గదా తోలేది? ఇన్నేండ్లు నేను నూనె పెడితే నిలబడ్తదనుకున్న. నూనెతోని నిలబడ్డదనుకున్న. గీ ఏడు గూడ పెట్టినం. పెట్టినా తిన్నది." దాన్ని వేలితో కదిపాడు. "అంటే నూనెతోని ఏం కాదన్నట్టు. ఇన్నేండ్లు ఊకెనే బతికిపోయిన. ముంగట ఎడ్లబండి ఉండె. ఆ బండిల పోరగాండ్లు ఉంటే?"

బావ తలెత్తి నన్ను చూశాడు. కోపం లేదు, అనుమానం లేదు. డాక్టరును ఆఖరిసారి అడిగేవాడిలా అడిగాడు.

"బామ్మర్దీ, గొట్టానికి మంచిగ పట్టిచ్చినవ్ గద? ఏళ్లతోని?"

ఒక్క మాట చాలు. 'లేదు బావా' అంటే ఆయన నన్ను తిట్టేవాడు. కొట్టేవాడేమో కూడా. నెల తర్వాత కొత్త గొట్టంతో, తన నూనె మీద తనకున్న నమ్మకంతో మళ్లీ బెజవాడ రోడ్డు ఎక్కేవాడు. మాలిక్‌గానే ఉండేవాడు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అక్క నా వెనక నిలబడి ఉంది.

"పట్టిచ్చిన బావా. మంచిగనే పట్టిచ్చిన."

ఆయన తలూపాడు. పదిహేను రోజుల్లో లారీ అమ్మేశాడు. కొన్నవాడు వచ్చి ఇంకో లారీకి కట్టి లాక్కుపోయే రోజు నేను క్లాసులో ఉన్నాను.

తర్వాత ఆయన ఇంకో మాలిక్ దగ్గర డ్రైవరుగా చేరాడు, ఒంట్లో సత్తువ ఉన్నంత కాలం అలాగే నడిపాడు. కుర్ర డ్రైవర్లు ఎవరైనా తుప్పు సంగతి అడిగితే, "ఏం బెట్టినా తింటది, ఏం కాదు," అనేవాడు. ఆ తర్వాత ఆయన ఏ లారీకీ నూనె పట్టించినట్టు నేను చూడలేదు. నాకు ఉద్యోగమొచ్చింది, పెళ్లయింది, పిల్లలు పుట్టారు. ఆయనను పండుగలకు పిలిచి కొత్త బట్టలు పెట్టేవాణ్ణి, అందరికంటే మంచివి. ఆయన వాటిని తడిమి చూసి, "ఎందుకు బామ్మర్దీ గింత మంచియి," అనేవాడు. ప్రతిసారీ చెబుదామనుకునేవాణ్ణి. ప్రతిసారీ ఏదో ఒక హాస్యం ఆడి ఆయనను నవ్వించి పంపేవాణ్ణి. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. నేను చెప్పలేదు.

ఇంతవరకూ రాసి, మొన్న రామంతాపూర్‌లో అక్క దగ్గరికి తీసుకెళ్లాను. ఆమెకు చూపు ఆనదు. చెవులు బాగానే పనిచేస్తాయి. కుర్చీ దగ్గరికి లాక్కుని మొత్తం చదివి వినిపించాను. మాలిక్ సాబ్ దగ్గర నవ్వింది. తన మాటలు తానే విని, "గట్లనే అనేదాన్ని," అంది. ఆయిల్ నేల మీద పోసిన చోటు గబగబా చదివేశాను. చివరిదాకా చదివి కాగితాలు మడిచాను. తిడుతుందని కూర్చున్నాను. ఆమె తిడితే బాగుండునని కూడా నాకుంది.

అక్క కొంగు సర్దుకుని అంది. "నూనె ముచ్చట నాకెర్క లేదు తమ్మీ."

"చెప్పలేకపోయిన అక్కా."

"ఆయనకు గూడ ఎర్క లేకుంటనే పోయిండు."

నేను తల దించుకున్నాను.

"గని నువ్వొక కాడ తప్పు రాసినవ్," అంది. "ఆ ట్రిప్పుకు నువ్వెక్కడ పోయినవ్?"

"అదేందక్కా, బావ పక్కన..."

"ఏం పక్కన? కంకర కుప్పల సంగతి ఆయన మంచంల పండుకొని మనిద్దరికి చెప్పిండు. కంకర కంకర అని ఎవలు ఒర్లలె, ఆయనే చూసుకున్నడు. ఆ ఉప్పు మీద ఒకటిన్నర దినం ఒక్కడే కూసున్నడు, మంచినీళ్లు ఇచ్చెటోడు లేకుంట. నువ్వు తెచ్చిచ్చినవా? తోడు రా బామ్మర్దీ అని రెండుసార్లు అడిగిండు నిన్ను. పరీక్ష ఉన్నదన్నవ్. నేను సద్ది గూడ ఇద్దరికి గట్టిన. తార్నాక రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపినవ్." ఆమె నా వైపు కాక గోడ వైపు చూస్తూ మాట్లాడుతోంది. "నువ్వు ఆ లారీ ఎక్కనే లేదు తమ్మీ. ఎందుకెక్కలేదో నాకు ఇయ్యాల సమజైంది."